ఆ ఖాళీలు ఎట్లా వచ్చాయి? పాలస్తీనా రైతు, భూమి, నీళ్ళు

ఎపిసోడ్ వినడానికి కుదరనివాళ్ళు రూములో తీరిగ్గా చదువుకోవడానికి, మాట్లాడిన మాటలనే కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నాం.

క్రితం వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇజ్రాయెల్‌లో సెంట్రింగ్ పనికి, ఐరన్ పనికి, టైల్స్ పనికి మనుషులు కావాలంటున్నారు. నెలకు లక్షా ముప్ఫై ఏడు వేలంట. ఇక్కడ నాకు వచ్చేది నీకు తెలుసు. ఒక్కసారిగా అన్ని వేల ఖాళీలు ఎట్లా వచ్చాయన్నా? అంతకుముందు ఆ పని ఎవరు చేసేవాళ్ళు?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. 2023 నవంబరులో భారత్, ఇజ్రాయెల్ మధ్య కూలీల ఒప్పందం కుదిరింది. 2024 మేలో హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థలే ఎంపికలు పెడితే తొమ్మిది వందల మందికి పైగా ఎంపికయ్యారు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు వాళ్ళు అందులో చాలామంది. అంటే ఇది మన ఇంటి ముచ్చటే. అంతకుముందు ఆ పని చేసినవాళ్ళు పాలస్తీనా వాళ్ళు. ఇది చిన్న జవాబు. కానీ వాళ్ళు తాపీ పట్టకముందు ఏం చేసేవాళ్ళు అని ఇంకో ప్రశ్న వేస్తే, మనం బిల్డింగు సైటు దగ్గర నుంచి పొలం దాకా నడవాలి. ఈ రోజు ఆ దారిలో పోదాం.

పాలస్తీనాలో రైతును ఫల్లాహ్ అంటారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఈ మాట వినే ఉంటారు. భూమిని దునుమ్‌లలో కొలుస్తారు. ఒక దునుమ్ అంటే వెయ్యి చదరపు మీటర్లు, మన లెక్కలో పది గుంటలు అనుకోండి. తీరం వెంట నారింజ తోటలు, మధ్యలో కొండల మీద ఆలివ్, అంజూర, ద్రాక్ష, లోయల్లో గోధుమ, జొన్న. కొండ వాలును రాతి గోడలతో మెట్లు మెట్లుగా కట్టి, ఆ మెట్ల మీద మట్టి నిలిపి చెట్లు పెంచేవాళ్ళు. వాన నీళ్ళు కిందికి ఉరకకుండా మెట్టుకు మెట్టుకు ఆగి ఇంకేవి. వానాధారపు సేద్యాన్ని వాళ్ళు బఅల్ అంటారు. బఅల్ అంటే పూర్వం ఆ నేల వాళ్ళు కొలిచిన వాన దేవుడి పేరు. ఆ దేవుణ్ణి కొలవడం ఎప్పుడో మానేశారు, పేరు మాత్రం చెలకలో మిగిలింది.

ఊరి భూమిలో చాలా భాగాన్ని ముషా పద్ధతిలో ఉంచుకునేవాళ్ళు. అంటే పొలం ఊరందరిది, ఒక్కో కుటుంబానికి వాటా ఉంటుంది. కొన్నేళ్ళకొకసారి చీట్లు వేసి పొలాలు మార్చుకునేవాళ్ళు. ఈసారి నీకు రాళ్ళ నేల వస్తే, వచ్చేసారి నల్ల నేల రావచ్చు. ఇదేదో స్వర్గం అని నేను చెప్పడం లేదు. అక్కడా పెద్ద కుటుంబాల మాటే చెల్లేది, పన్ను వసూలు చేసేవాడి దెబ్బ ఉండేది. కాకపోతే ఒక్కడు అప్పులపాలై ఊరి భూమిని బయటివాడికి అమ్మేయడం అంత తేలిక కాదు.

ఇక కాగితం వచ్చింది. 1858లో ఒట్టోమన్ ప్రభుత్వం భూమి చట్టం చేసింది. ఈ చట్టంలో రెండు మాటలు గుర్తుపెట్టుకోండి, తర్వాత కథంతా వాటి మీదే నడుస్తుంది. ఒకటి మీరీ. అంటే పై హక్కు సర్కారుది, దున్నుకునే హక్కు రైతుది. పదేళ్ళు ఎవరి తగాదా లేకుండా దున్నితే హక్కు గట్టిపడుతుంది. సరైన కారణం లేకుండా మూడేళ్ళు పడావు పెడితే హక్కు పోతుంది. రెండోది మవాత్. మౌత్ అంటే చావు అని మీకు తెలుసు కదా, మవాత్ అంటే చచ్చిన భూమి. ఏది చచ్చిన భూమో ఎట్లా తేల్చారో వినండి. ఊరి చివర నిలబడి మనిషి గట్టిగా అరిస్తే ఆ అరుపు వినపడని దూరంలో, ఎవరి చేతిలో లేని నేల మవాత్. మైలున్నర దూరం అని లెక్క. గొంతు అందని చోట మేకలు మేసేవి, కట్టెలు దొరికేవి, మంచి వానలు పడ్డ ఏడు ఎవరో ఒకరు జొన్న చల్లేవాళ్ళు. చట్టానికి అవేవీ కనపడలేదు.

పేరు రాయించుకోమంటే రైతులు భయపడ్డారు. పేరు రాస్తే పన్ను పడుతుంది, కొడుకును సైన్యంలోకి పట్టుకుపోతారు అని. దాంతో చాలా ఊళ్ళ భూములు పట్నంలో ఉండే పెద్దమనుషుల పేర్ల మీద ఎక్కాయి. దున్నేది ఒకరు, కాగితంలో ఉండేది ఇంకొకరు. మన దగ్గర పహాణీలో ఎవరి పేరుందో, మోకా మీద ఎవరున్నారో తేడా వచ్చి ఎన్ని కేసులు నడుస్తున్నాయో ఊరికి పోయిన ప్రతిసారీ వింటాం. ఇదీ అట్లాంటిదే, కాకపోతే దేశం మొత్తం మీద.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్ళు వచ్చారు. 1917లోనే యూదులకు అక్కడ జాతీయ నివాసం ఏర్పడడానికి సాయం చేస్తామని బాల్ఫర్ ప్రకటన ఇచ్చి ఉన్నారు. ఐరోపాలో యూదులను వేటాడుతున్న కాలం అది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు చాలామంది, ఆ మాట కూడా చెప్పాలి. కానీ వాళ్ళకు భూమి ఎక్కడి నుంచి వస్తుంది? మర్జ్ ఇబ్న్ ఆమిర్ అని పెద్ద మైదానం ఉంది, మంచి నేల. దాంట్లో చాలా భాగం బీరూట్‌లో ఉండే సుర్సొక్ కుటుంబం పేరు మీద ఉండేది. 1920లలో వాళ్ళు దాన్ని యూదు సంస్థలకు అమ్మేశారు. అమ్మినవాళ్ళకు డబ్బు వచ్చింది. తరాలుగా దున్నుతున్న కౌలుదార్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇక్కడ తప్పు ఒక్క బ్రిటిష్ వాడిదే అంటే అబద్ధమే అవుతుంది. ఆ భూమిని ఒక్కసారి కూడా తొక్కని అరబ్బు దొరలకూ ఇందులో వాటా ఉంది.

కొన్నవాళ్ళలో ముఖ్యమైనది యూదు జాతీయ నిధి అనే సంస్థ, 1901లో పుట్టింది. దాని నియమం ఏంటంటే, కొన్న భూమిని మళ్ళీ అమ్మకూడదు, కౌలుకు తీసుకున్నవాళ్ళు యూదు కూలీలనే పెట్టుకోవాలి. మామూలుగా భూమి చేతులు మారితే పాత కౌలుదారు కొత్త యజమాని దగ్గర కూలికైనా పోతాడు. ఇక్కడ ఆ దారీ మూసుకుంది. 1921లో బ్రిటిష్ వాళ్ళు మవాత్ చట్టం మార్చారు. అంతకుముందు చచ్చిన భూమిని అనుమతి లేకుండా బాగు చేసుకున్నా, ధర కట్టి పట్టా పొందే దారి ఉండేది. మార్చిన తర్వాత వాడు ఆక్రమణదారు. బంజరు కొట్టుకుని బతికినవాడు రాత్రికి రాత్రి దొంగ అయ్యాడు.

పన్ను సంగతి అప్పుతో ముడిపడ్డది, అందుకే చెప్తున్నా. పాత రోజుల్లో పండినదాంట్లో పదో వంతు పన్ను. 1920ల చివర్లో దాన్ని స్థిరమైన డబ్బు మొత్తంగా మార్చారు. వెంటనే ప్రపంచమంతా మాంద్యం వచ్చి గోధుమ ధర పడిపోయింది. ధర పడ్డా పన్ను పడలేదు. రైతు షావుకారు దగ్గరికి పోయాడు. 1930లో ఈ గొడవలన్నీ చూసి రమ్మని లండన్ నుంచి సర్ జాన్ హోప్ సింప్సన్‌ను పంపారు. ఆయన అంతకుముందు మన దేశంలో ఐసీఎస్ అధికారిగా పనిచేసినవాడు, రైతు అప్పులంటే ఏంటో తెలిసినవాడు. పల్లెల్లో ఉన్న అరబ్బు కుటుంబాల్లో 29.4 శాతానికి భూమి లేదని ఆయన నివేదికలో రాశాడు. పదింట మూడు ఇళ్ళు. ఆ మనుషులే హైఫా రేవులో, రైల్వే పనుల్లో, క్వారీల్లో కూలీలయ్యారు. 1936 నుంచి 1939 దాకా సాగిన తిరుగుబాటుకు ఎముకా మాంసం ఈ పల్లె జనమే. ఈరోజు ప్రపంచమంతా చూసే ఆ గళ్ళ రుమాలు, కుఫియా, అప్పట్లో రైతు తలగుడ్డ. 1938లో తిరుగుబాటుదారులు పట్నం వాళ్ళను కూడా ఎర్ర టోపీ తీసేసి కుఫియా కట్టుకోమన్నారు. తలగుడ్డ చూసి సైనికుడు రైతును పట్టుకుంటున్నాడు కాబట్టి అందరూ రైతులాగే కనపడాలని.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగానికి వస్తున్నా. మేకలు, చెట్లు.

బ్రిటిష్ అటవీ అధికారులు ఆ కొండలు చూసి, ఇవి ఒకప్పుడు అడవులు, ఈ రైతు, వీడి మేక కలిసి నాశనం చేశారు అని తేల్చారు. 1926లో అడవుల చట్టం తెచ్చి కొండలను రిజర్వులుగా ప్రకటించారు. మేత, కట్టె, బొగ్గు అన్నిటికీ అనుమతి. వింటుంటే ఎక్కడో విన్నట్టుంది కదా? అదే సామ్రాజ్యం మన ఏజెన్సీలో పోడు కొట్టే కొండ జనాన్ని అడవి దొంగలన్నది, 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచింది అందుకే. ఆ చట్టాల వెనకున్న ఆలోచన ఒకటే, అడవిని వాడుకునేవాడే అడవికి శత్రువు అని.

ఇజ్రాయెల్ ఏర్పడ్డాక 1950లో మేకల వల్ల మొక్కలకు కలిగే నష్టం ఆపడానికి అని ఒక చట్టం వచ్చింది. జనం దాన్ని నల్ల మేక చట్టం అంటారు. ఎవరి పేరూ రాయకుండా ఒక మేక రంగుతోనే బెదూయిన్‌లను, కొండ ఊళ్ళ వాళ్ళను దెబ్బ కొట్టిన చట్టం. మందలు తగ్గిపోయాయి. మేక లేకపోతే పాలు, వెన్న లేవు, బిడ్డ పెళ్ళికి అమ్ముకునే ఆస్తి లేదు. అటువైపు కొండల మీద యూదు జాతీయ నిధి పైన్ చెట్లు నాటుకుంటూ పోయింది. ఇప్పటిదాకా 24 కోట్ల చెట్లకు పైగా నాటామని వాళ్ళే చెప్తారు. చెట్టు నాటితే ఎవరు కాదంటారు? పైన్ అక్కడ అసలు లేని చెట్టేమీ కాదు. కానీ కొండంతా ఒక్క పైనే నాటితే ఆకు రాలి చాపలాగా పరుచుకుంటుంది, కింద మేత సరిగ్గా మొలవదు, ఎండాకాలం నిప్పు అంటుకుంటే ఆగదు. 2010లో కార్మెల్ కొండ మంటల్లో 44 మంది చచ్చిపోయారు. మేక ఉన్నప్పుడు కింద పొదలు తినేసేది, మంటకు మేత ఉండేది కాదు అని చివరికి అందరూ ఒప్పుకున్నారు. 2018లో ఆ నల్ల మేక చట్టాన్ని రద్దు చేశారు. అరవై ఎనిమిదేళ్ళు పట్టింది. అప్పటికి మేకలు కాసే కుటుంబాల పిల్లలు ఏ పనిలో ఉన్నారో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ అడవుల కింద ఏముంది? 1948 యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనా వాళ్ళు ఊళ్ళు వదలాల్సి వచ్చింది, తరిమేస్తే కొందరు, భయంతో కొందరు. నాలుగు వందలకు పైగా ఊళ్ళు నేలమట్టం అయ్యాయి. తిరిగి రానివ్వలేదు. 1950లో పరోక్షుల ఆస్తి చట్టం తెచ్చి వాళ్ళ పొలాలు, ఇళ్ళు ప్రభుత్వం తీసుకుంది. పక్క ఊరికి పారిపోయి దేశం లోపలే ఉన్నవాళ్ళను కూడా లేనట్టే లెక్కగట్టారు. లూబియా అనే ఊరు ఉన్న చోట ఇప్పుడు సౌత్ ఆఫ్రికా పేరుతో అడవి ఉంది. 1967లో కూలగొట్టిన ఇమ్వాస్, యాలు ఊళ్ళ మీద కెనడా పార్క్ ఉంది, కుటుంబాలు పిక్నిక్‌కు వస్తాయి. 2021 ఆగస్టులో జెరూసలేం పడమటి కొండల్లో పెద్ద మంట వచ్చింది. పైన్ కాలిపోయాక కింద నుంచి పాత మెట్ల పొలాలు బయటపడ్డాయి, వరస వరసలుగా, గోడలు నిలబడే ఉన్నాయి. ఇంకోటి కూడా ఉంది, నాగజెముడు. ఊరి చుట్టూ, పొలం గెట్ల మీద కంచెగా పెట్టేవాళ్ళు. ఎంత తవ్వినా మళ్ళీ మొలుస్తుంది కాబట్టి కూలిపోయిన ఊళ్ళు ఎక్కడున్నాయో దాన్ని చూసి పట్టుకోవచ్చు. అరబ్బీలో దాని పేరు సబర్. మన దగ్గర సబర్ అంటే ఓపిక అని తెలుసు కదా, అక్కడా అదే మాట.

బేకరీలో రొట్టె మీద పచ్చగా చల్లే జాతర్ మీకు తెలుసు. కొండల్లో దానంతట అది మొలిచేదాన్ని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కోసుకొచ్చేవాళ్ళు. 1977లో అంతరించిపోతుందని చెప్పి ఇజ్రాయెల్ దాన్ని కోయడం నేరం చేసింది. 2005లో అక్కూబ్ అనే ముళ్ళ కూరనూ జాబితాలో చేర్చింది. సంచీలో జాతర్ దొరికినందుకు జరిమానాలు, కోర్టు కేసులు. అదే సమయంలో పొలాల్లో వ్యాపారానికి జాతర్ పండించేవాళ్ళకు మార్కెట్ పెరిగింది. జుమానా మన్నా అనే దర్శకురాలు 2022లో దీని మీద సినిమా తీసింది, దొరికితే చూడండి.

1967లో వెస్ట్ బ్యాంక్, గాజా ఇజ్రాయెల్ సైన్యం చేతికి వచ్చాయి. మొదటి కొన్ని నెలల్లోనే నీళ్ళ మీద రెండు సైనిక ఆదేశాలు వచ్చాయి. రెండోది, 158వ నంబరు ఆదేశం ప్రకారం అనుమతి లేకుండా కొత్త బావి గానీ, ఏ నీటి ఏర్పాటు గానీ పెట్టకూడదు. వాన నీళ్ళు పట్టుకునే తొట్లు కూడా అనుమతి లేదని కూలగొట్టిన సందర్భాలున్నాయి. ఇజ్రాయెల్ మానవ హక్కుల సంస్థ బెత్సెలెం 2020 లెక్కలు తీస్తే, ఇజ్రాయెల్‌లో మనిషికి రోజుకు 247 లీటర్లు, వెస్ట్ బ్యాంక్ పాలస్తీనా మనిషికి 82 లీటర్లు. ఇందులో పొలానికి ఎంత మిగులుతుందో ఆలోచించండి.

అప్పుడు పాత కాగితం మళ్ళీ బయటికి వచ్చింది. 1979 అక్టోబరులో ఇజ్రాయెల్ సుప్రీం కోర్టు ఎలోన్ మోరే అనే కాలనీ కేసులో, ప్రైవేటు భూమిని సైనిక అవసరం పేరుతో తీసుకుని కాలనీ కట్టడం చెల్లదంది. రైతు గెలిచాడు. ఊరట అనుకుంటాం కదా? సర్కారు వేరే తలుపు తట్టింది, ఒట్టోమన్ చట్టం. మీరీ, మవాత్. సాగులో లేని భూమి ప్రభుత్వానిది! సర్వే చేసి, పదేళ్ళు సాగు చేసినట్టు కనపడనివి ప్రభుత్వ భూమి అని ప్రకటించడం మొదలుపెట్టారు. ఒక ముక్కలో సగం కంటే తక్కువ సాగులో ఉంటే మొత్తం సాగులో లేనట్టే లెక్క. కొండ పొలంలో సగం రాళ్ళే ఉంటాయి. రాళ్ళ సందుల్లో ఆలివ్ పెట్టుకున్న రైతు ఈ లెక్కలో ఎప్పుడూ ఓడిపోతాడు. పట్టా చూపిద్దామంటే, వెస్ట్ బ్యాంక్‌లో మూడో వంతు భూమికే రిజిస్ట్రేషన్ పూర్తయింది. జోర్డాన్ కాలంలో నడుస్తున్న ఆ పనిని 1968లో సైన్యమే ఆపేసింది. బెత్సెలెం లెక్క ప్రకారం 1979 నుంచి 2002 దాకా తొమ్మిది లక్షల దునుమ్‌లకు పైగా ఇట్లా ప్రభుత్వ భూమి అయింది. ఎకరాల్లో రెండు లక్షల ఇరవై వేలు. దాంట్లో చాలా భాగం కాలనీల అధికార పరిధిలోకి పోయింది.

దీని నడక చూడండి. బావికి అనుమతి ఇవ్వరు. నీళ్ళు లేక, కూలి గిట్టక రైతు పొలం వదిలి సైటు మీద పనికి పోతాడు. పొలం పడావు పడుతుంది. పడావు పడ్డది కాబట్టి అది నీది కాదు అంటారు. తిరిగి పోదామంటే పొలం లేదు, అందుకని రేపు కూడా సైటుకే పోవాలి.

1980ల చివరికి వెస్ట్ బ్యాంక్, గాజాల నుంచి లక్ష మందికి పైగా ఇజ్రాయెల్‌లో కూలి చేసేవాళ్ళు. కట్టుబడి, తోటలు, హోటళ్ళు. కొందరు తాత పొలం ఉన్న చోటే కట్టిన కాలనీలో గోడలు కట్టారు. 1991 నుంచి ప్రతి ఒక్కరికీ విడిగా పర్మిట్ కావాలన్నారు. దాన్ని వాళ్ళు తస్రీహ్ అంటారు, మనం ఇక్కడ వాడే మాటే. పర్మిట్ ఒక యజమానికి కట్టేసి ఉండేది. మధ్యలో దళారులు పుట్టారు, నెలకు రెండు వేల షెకెళ్ళకు పైగా తీసుకుని పర్మిట్ అమ్మేవాళ్ళు. తెల్లవారుజామున మూడింటికే చెక్‌పోస్టు దగ్గర లైను. 1990లలో గొడవలు పెరిగి సరిహద్దు మూసినప్పుడల్లా, ఆ స్థానంలో థాయిలాండ్ నుంచి తోటల్లోకి, రొమేనియా, చైనా నుంచి కట్టుబడిలోకి మనుషుల్ని తెచ్చారు. అంటే బయటి కూలీని తేవడం 2023లో పుట్టిన ఆలోచన కాదు.

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. అందులో తోటల్లో పనిచేసే థాయ్ కూలీలు కూడా ఉన్నారు, కొందరిని బందీలుగా ఎత్తుకుపోయారు. ఆ మర్నాటి నుంచి పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆగిపోయాయి. గాజా నుంచి వచ్చే సుమారు 18 వేల మంది, వెస్ట్ బ్యాంక్ నుంచి చట్టబద్ధంగా గానీ దొంగచాటుగా గానీ వెళ్ళే లక్షన్నర మందికి పైగా, ఒక్క పూటలో పని లేనివాళ్ళయ్యారు. తమ్ముడూ, నువ్వు అడిగిన ఖాళీలు అవే. పోవాలా వద్దా అని నేను చెప్పను, నీ ఇంట్లో అప్పెంతో నీకే తెలుసు. 2024 మార్చిలో లెబనాన్ సరిహద్దు దగ్గర మార్గాలియొట్‌లో ఒక తోట మీద క్షిపణి పడి కేరళ కూలీ ఒకరు చనిపోయారు. అదీ తెలిసి ఉండాలి. పోతే, నువ్వు నిలబడే పరంజా మీద నిన్నటిదాకా ఎవరున్నారో తెలిసి పో.

పని పోయినవాళ్ళలో పొలం మిగిలినవాళ్ళు పొలం వైపే చూశారు. వెస్ట్ బ్యాంక్‌లో ఎనభై వేల నుంచి లక్ష కుటుంబాలకు ఆలివ్ ఎంతో కొంత ఆదాయం అని ఐక్యరాజ్యసమితి లెక్క. అక్టోబరు, నవంబరు కోత కాలం. ఇంటిల్లిపాదీ చెట్ల కింద గుడ్డలు పరిచి కాయ దులుపుతారు, చిన్నపిల్లలకు బడి సెలవు. కానీ 2002 నుంచి కట్టిన అడ్డుగోడ చాలా ఊళ్ళను వాటి తోటల నుంచి విడదీసింది. 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ గోడ చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. గోడ అలాగే ఉంది. సొంత చెట్టు దగ్గరికి పోవడానికి పర్మిట్, గేటు తీసే టైము, గేటు మూసే టైము. కాలనీల దగ్గరున్న తోటల్లో కోతకు పోతే కొట్టడం, కాయ ఎత్తుకుపోవడం, చెట్లు నరకడం, ఏటా ఐరాస నమోదు చేస్తూనే ఉంది. 2023 తర్వాత చాలామంది తోటల దాకా పోలేకపోయారు. ఆలివ్ చెట్టును చూసుకోకపోతే వెంటనే చావదు. కలుపు పెరుగుతుంది, కొమ్మ గుబురెక్కుతుంది, పైనుంచి చూస్తే బీడులాగా కనపడుతుంది. బీడు అని రాసుకునేవాడు ఎప్పుడూ ఉంటాడు.

గాజా గురించి రెండే మాటలు, ఎందుకంటే అక్కడ సేద్యం గురించి మాట్లాడడానికి మిగిలిందే తక్కువ. 2025 ఏప్రిల్‌కు గాజా సాగు భూమిలో 4.6 శాతమే సాగుకు పనికొచ్చే స్థితిలో, చేరుకునే వీలుతో ఉందని ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ ఉపగ్రహ చిత్రాలు చూసి చెప్పింది. నూటికి ఐదు ఎకరాలు కూడా లేవు. స్ట్రాబెర్రీలు ఎగుమతి చేసిన చోటు అది.

బత్తీర్ అని బెత్లెహేం దగ్గర ఒక ఊరుంది. ఊట నీళ్ళను కాలువల్లో మెట్ల పొలాలకు పంచుకుంటారు. మన ఊళ్ళో చెరువు నీళ్ళను నీరటికాడు వంతుల వారీగా వదిలినట్టే. ఊళ్ళో ఎనిమిది పెద్ద కుటుంబాలు, రోజుకొక కుటుంబానికి వంతు. అందుకని బత్తీర్‌లో వారానికి ఎనిమిది రోజులు అంటారు. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అడ్డుగోడ ఆ పొలాల మీదుగా కట్టాలని చూస్తే ఊరివాళ్ళు కోర్టుకు పోయారు, ఇజ్రాయెల్ సొంత ప్రకృతి పరిరక్షణ శాఖ కూడా ఆ గోడ వద్దంది. అక్కడ గోడ ఆగింది.

విత్తనాల పని కూడా నడుస్తోంది. వివియన్ సన్సూర్ అనే ఆవిడ 2014 నుంచి పాత నాటు విత్తనాలు వెతికి పోగు చేస్తోంది. జదూయీ అని జెనిన్ వైపు ఒక పుచ్చకాయ ఉండేది, నీళ్ళు పెట్టకుండా బఅల్ పద్ధతిలో పండేది. దాని విత్తనం ఇంకా ఉందా అని ఊరూరా అడిగితే, ఒక రైతు ఇంట్లో సొరుగులో దొరికిందని ఆవిడ చెప్తుంది. హెబ్రోన్‌లో వ్యవసాయ పనుల కమిటీల సంఘం ఒక విత్తన బ్యాంకు నడుపుతోంది. 2021లో ఇజ్రాయెల్ ఆ సంఘాన్ని ఉగ్రవాద సంస్థ అంది. సరిపడా ఆధారాలు చూపలేదని తొమ్మిది ఐరోపా దేశాలు ఆ మాట ఒప్పుకోలేదు. 2024 అక్టోబరులో సంఘం తన విత్తనాల్లో కొన్నిటిని డబ్బాల్లో పెట్టి, ఉత్తర ధ్రువం దగ్గర నార్వే వాళ్ళు మంచు కొండ లోపల కట్టిన స్వాల్‌బార్డ్ విత్తన ఖజానాకు పంపింది. 2025 జులై 31న ఇజ్రాయెల్ సైన్యం బుల్‌డోజర్లతో వచ్చి హెబ్రోన్‌లో ఆ బ్యాంకుకు చెందిన విత్తనోత్పత్తి కేంద్రాన్ని కూలగొట్టింది. ఖజానాకు పంపిన డబ్బాలు అక్కడే ఉన్నాయి.

వచ్చే శుక్రవారం ఇజ్రాయెల్ పని కాంట్రాక్టులో ఏమేం రాసి ఉంటుందో, జీతంలో ఏమేం కోస్తారో, యజమాని మారాలంటే ఏం చేయాలో లైను లైనుగా చదువుదాం. మీ దగ్గర ఆ కాగితం ఉంటే పేరు, పాస్‌పోర్ట్ నంబరు కనపడకుండా ఫోటో తీసి పంపండి. ఉంటాను, జాగ్రత్త.